ముందు బ్రేకు

ఎలియాజరు పాత సైకిలు ఫ్రేముకు పగులు వచ్చిన సంగతి కళ్ళకంటే ముందు అతని వేళ్ళకే తెలిసింది. ఏప్రిల్ మొదటివారంలో మంచు కరిగి రోడ్లు ఆరాక, గరాజ్‌లోంచి సైకిలు బయటికి తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. పెడల్ దగ్గరి గొట్టం మీద కుడిచేతి చూపుడువేలికి వెంట్రుకంత గీత తగిలింది. కెనడాలోని ఒషావాలో కార్ల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళుగా అతను చేస్తున్న పని అదే. లైన్ మీద వచ్చే ముక్కల్ని తడిమి చూసి, కంటికి ఆనని లోపాన్ని పట్టుకోవాలి. ఇంకొకరైతే ఆ గీతతోనే మరో ఏడాది లాగించేసేవారు. అతను మాత్రం సైకిలును గోడకు చేర్చి, ఇక దీన్ని ఎక్కకూడదు అనుకున్నాడు.

ఇంట్లో ఉన్న ఒక్క కారునూ భార్య సలోమి తీసుకెళ్తుంది. వృద్ధుల కేర్ హోమ్‌లో ఆమెకు పొద్దున్న ఏడింటికే డ్యూటీ. అతని షిఫ్ట్ ఎనిమిదిన్నరకి. అందుకని ఏప్రిల్ నుంచి నవంబరు దాకా తొమ్మిది కిలోమీటర్లూ సైకిలు మీదే వెళ్ళొచ్చేవాడు. మంచు పడే నెలల్లో మాత్రమే బస్సు. శనివారాలు పక్క ఊరు విట్బీ నుంచి స్నేహితుడు శేషగిరి వచ్చేవాడు. ఇద్దరూ ఊరు దాటి ఉత్తరం వైపు, పొలాల మధ్య రోడ్ల మీద మధ్యాహ్నం దాకా తొక్కేవారు. శేషగిరి బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, వయసులో పదేళ్ళు చిన్న. అయినా ఎత్తు వచ్చిందంటే వెనకబడేది శేషగిరే. "అన్నా, నీకు యాభయ్యేడంటే ఎవడు నమ్ముతాడు?" అని రొప్పుతూ అనేవాడు.

ఆ మాట వినడం ఎలియాజరుకు ఎప్పుడూ ఇష్టమే. ఆ వసంతంలో మాత్రం అది గుర్తొస్తే భయం వేసింది. క్రిస్మస్ వెళ్ళిన దగ్గర్నుంచి ఎడమచెయ్యి అతని మాట వినడం లేదు. ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే బొటనవేలూ చూపుడువేలూ ఏదో గింజను నలుపుతున్నట్టు వాటంతటవే కదులుతున్నాయి. చర్చిలో పాటల పుస్తకం కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి కోటు జేబులో దాచుకుంటున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. సలోమికి చెప్పలేదు.

అది ఏ జబ్బో అతనికి సుమారుగా తెలుసు. సలోమి పనిచేసే చోట అలాంటివాళ్ళు ఆరుగురు ఉన్నారు. ఆమె వాళ్ళకు చెంచాతో తినిపిస్తుంది, మూతి తుడుస్తుంది, కుర్చీలోంచి మంచం మీదికి మారుస్తుంది. ఇంటికొచ్చి సోఫాలో కూలబడి "నడుం పడిపోయిందండీ ఇవాళ" అంటుంది. ఆ మనిషి ముందు కూర్చుని, ఏడో మనిషిని నేనే అని ఏ నోటితో చెప్పడం? ఇంకొన్నాళ్ళు పోనీ, ఈ వేసవి పోనీ అనుకుంటూ వచ్చాడు.

ఒక బుధవారం షిఫ్ట్ అయ్యాక సైకిళ్ళ షాపుకి వెళ్ళాడు. వరసగా పెట్టిన వాటిలో ఒకదాన్ని కుడిచేత్తో ఎత్తి చూసి, "అబ్బో, దూదిలా ఉందే!" అని తనలో తను అనుకున్నాడు.

"తెలుగా అంకుల్ మీరు?" అని కౌంటరు వెనకనుంచి ఒకమ్మాయి లేచింది. చేతిలో వంకర తీస్తున్న చక్రం ఉంది.

ఆమె పేరు ధరణి. ఊరు నంద్యాల. గత రెండేళ్ళలో చదువుల కోసం విమానాల నిండా వచ్చి దిగిన పిల్లల్లో ఒకతె. ఇక్కడి కాలేజీలో చదువుతూ, ఇంకో ఐదుగురు అమ్మాయిలతో ఒక బేస్‌మెంట్‌లో ఉంటోంది. స్కూలు రోజుల్లో రాష్ట్రం తరఫున సైకిలు రేసుల్లో పాల్గొందట.

"కాఫీ షాపులు, గ్రోసరీలు, వేర్‌హౌస్‌లు, అన్నిచోట్లా అప్లై చేస్తి అంకుల్. ఒక్కరూ పిలవలేదు. వీళ్ళు మాత్రం చక్రం వంకర తీయడం వచ్చా అని అడిగిరి. తీసి చూపిస్తి," అని నవ్వింది. "మీకు సైకిలు దేనికి? రోజూ పనికా, వీకెండ్ రైడ్లకా?"

"రెండిటికీనమ్మా. పెట్టుకోడానికి చోటు లేదు. ఉన్న ఒక్కటే రెండూ చెయ్యాలి."

ధరణి అతన్ని నిలబెట్టి కాళ్ళ పొడవు కొలిచింది, చేతులు చాపించి చూసింది. అప్పుడు నీలంరంగుది ఒకటి ముందుకు తెచ్చింది. హ్యాండిల్ కాస్త ఎత్తుగా, టైర్లు కాస్త లావుగా ఉన్నాయి. వెనక క్యారియర్‌కీ మడ్‌గార్డులకీ బోల్టులు బిగించుకునే వీలుంది. బ్రేకులు ఆయిల్‌తో పనిచేసేవి, రెండు వేళ్ళతో నొక్కితే చాలు.

"ఇది మీకు సరిగ్గా సరిపోతుంది. వానలో పనికి పోవచ్చు. లంచ్ బాక్స్ వెనక కట్టుకోవచ్చు. శనివారం వంద కిలోమీటర్లు తొక్కినా నడుం పట్టదు."

"రిటైరైనోళ్ళ బండిలా ఉందమ్మా. అదిగో, ఆ నల్లది చూపించు."

నల్లది రేసు సైకిలు. హ్యాండిల్ బాగా కిందికి ఉంది, టైర్లు వేలంత సన్నం. ధరణి ఒక నిమిషం ఆలోచించి, "సరే, తొక్కి చూడండి. నేనూ వస్తా," అని తన సైకిలు తీసింది.

షాపు వెనక సందు కొద్దిపాటి వాలుతో దిగి, స్టాప్ సైన్ దగ్గర పెద్ద రోడ్డులో కలుస్తుంది. నాలుగు తొక్కులకే నల్ల సైకిలు దూసుకుపోయింది. గాలికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఎలియాజరు తన చేతి సంగతి మర్చిపోయాడు. స్టాప్ సైన్ దగ్గరపడింది. రెండు చేతులతో బ్రేకు పట్టాడు. కుడిచెయ్యి నొక్కింది, వెనక చక్రం కీచుమని జారింది. ఎడమచేతి వేళ్ళు బ్రేకు లివర్ మీద ఉన్నాయి కానీ ముడుచుకోలేదు. ముడుచుకోమని అతను లోపల అరుస్తూనే ఉన్నాడు. సైకిలు స్టాప్ సైన్ దాటి రోడ్డు మధ్యకు వెళ్ళిపోయింది. ఆ రోడ్డు మీద వస్తున్న వ్యాన్ హారన్ మోగిస్తూ అతనికి బారెడు దూరంలో ఆగింది.

ధరణి వచ్చి సైకిలు పట్టుకుని పేవ్‌మెంట్ మీదికి లాక్కొచ్చింది.

"ఏం కాలేదు. బ్రేకు టైట్‌గా ఉంది," అన్నాడు ఎలియాజరు.

ఆమె ముందు చక్రం ఎత్తి గిర్రున తిప్పి, ఎడమ లివర్‌ను ఒక్క వేలితో నొక్కింది. చక్రం టక్కున ఆగింది.

"ఇక్కడ ముందు బ్రేకు ఎడమచేతికి వస్తుంది అంకుల్. మన దగ్గర లాగ కుడిచేతికి కాదు. బండిని నిలబెట్టేది ముందు బ్రేకే." చక్రం కిందికి దించి అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది?"

"మీరు నడిచేటప్పుడు ఎడమచెయ్యి ఊగడం లేదు. లోపలికి వచ్చేటప్పుడే చూసినా. మా కోచ్ త్యాగరాజు సార్‌కు ఇట్లనే మొదలైంది."

"ఇప్పుడెలా ఉన్నారు ఆయన?"

ధరణి హ్యాండిల్ మీదున్న దుమ్ము తుడిచింది. "సార్ ఎవరికీ చెప్పలేదు. ఘాట్ రోడ్డు దిగుతా ఉంటే పడిపోయినారు. నేను ఆయన వెనకాలే ఉంటి అంకుల్. ఆస్పత్రికి తీసుకుపోయే లోపలే పాయె."

ఎలియాజరు పేవ్‌మెంట్ అంచు మీద కూర్చున్నాడు. ఎడమచెయ్యి తొడమీద కదులుతోంది. ఆ రోజు దాన్ని దాచుకోలేదు.

"శనివారం మా ఆవిడొస్తుంది సైకిలు చూడ్డానికి. ఆవిడ దగ్గర ఈ మాట అనకమ్మా."

"నేను అనను. మీరే చెప్పాల," అంది ధరణి. "ఆ నల్లది మాత్రం మీకు అమ్మను. మా ఓనరు తిట్టినా సరే."

గురువారం చెబుదామనుకున్నాడు, కుదరలేదు. శుక్రవారం భోజనాల దగ్గర నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే సలోమి, హోమ్‌లో ఒక ముసలాయన తననే కన్నతల్లి అనుకుని చెయ్యి వదలడం లేదని చెబుతూ, చెబుతూ కంచం ముందే కునుకు తీసింది. అతను లేచి ఆమె కంచం తీసి కడిగాడు.

శనివారం ఇద్దరూ షాపుకి వెళ్ళారు. ధరణి నీలంరంగు సైకిలు సిద్ధంగా ఉంచింది. సలోమి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. రంగు గురించి అడుగుతుందనుకున్నాడు ఎలియాజరు. ఆమె హ్యాండిల్ దగ్గర ఆగి, రెండు లివర్లూ నొక్కి చూసి, మామూలుగా అడిగింది.

"ఏమ్మా, ఈయనకి ఎడమచెయ్యి పట్టు తక్కువ. ముఖ్యమైన బ్రేకు కుడిచేతికి వచ్చేలా మార్చగలరా?"

షాపులో ఎక్కడో రేడియో మోగుతోంది. ధరణి ఎలియాజరు వైపు చూసి, తల అడ్డంగా ఊపింది, నేను చెప్పలేదని.

"మార్చొచ్చు ఆంటీ," అంది చిన్నగా. "మన ఇండియా సైకిళ్ళలాగ చేసిస్తా. గంట పడుతుంది."

ఆ గంటా ఇద్దరూ బయట కారులో కూర్చున్నారు. అతనే ముందు అడిగాడు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"జనవరిలో. పాస్టరుగారి అమ్మాయి పెళ్ళికి గ్రీటింగ్ కార్డు మీద రాశారు చూడండి. మొదటి మాట మామూలుగా ఉంది. చివరికొచ్చేసరికి మీ రాత చీమంత అయిపోయింది. ఈ జబ్బున్నవాళ్ళు అలాగే రాస్తారు. నేను రోజూ చూస్తాను కదండీ."

"మరి అడగలేదే?"

"మీరు చెప్తారని చూశాను." ఆమె అద్దం వైపు తల తిప్పుకుంది. "మూడు నెలలండీ. రాత్రి మీరు నిద్రపోయాక ఆ చెయ్యి ఆగేది. అప్పుడు పట్టుకుని పడుకునేదాన్ని. పొద్దున్నే లేచి ఏమీ తెలియనట్టు టీ పెట్టేదాన్ని. ముప్పై ఏళ్ళు కాపురం చేసి, మీరు నా దగ్గర దాచుకున్నారే అని... జబ్బు కంటే అదే ఎక్కువ ఏడిపించింది నన్ను."

"నువ్వు అలిసిపోతావని సలోమీ."

"అలిసిపోతాను. ఎందుకలిసిపోను? అయితే మాత్రం?"

అతను ఎడమచేతిని జేబులోంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని రెండు చేతుల మధ్య అదిమిపట్టుకుంది. అది లోపల కదులుతూనే ఉంది.

తర్వాత డాక్టర్లు, పరీక్షలు, చివరికి అందరూ అనుకున్న ఆ వణుకుడు జబ్బు పేరే. మాత్రలు మొదలుపెట్టాక ఆ వేసవంతా బాగానే నడిచింది. నీలం సైకిలు మీద పనికి వెళ్ళాడు, వచ్చాడు. శేషగిరికి సంగతి చెబితే అతను ఆ శనివారం నుంచి నిటారుగా దిగే వాలు రోడ్లు లేని దారి ఎంచుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడప్పుడూ షాపులో సెలవు దొరికితే ధరణీ వచ్చేది. ఎత్తు మీద ఆ పిల్ల ఇద్దర్నీ దాటుకుని పోతుంటే ఎలియాజరు వెనకనుంచి "పో తల్లీ, పో!" అని కేకలేసేవాడు.

ఫ్యాక్టరీలో మాత్రం లైన్ మీదనుంచి తీసి స్టోర్స్‌లో పెట్టారు. మంచిగానే చెప్పారు. కంప్యూటరు ముందు కూర్చోవడమే పని. మొదటిరోజు పెట్టెలోంచి ఒక ముక్క తీసి అలవాటుగా తడిమాడు. అది బాగుందో లేదో ఎవరికీ చెప్పనక్కర్లేదని గుర్తొచ్చి పెట్టెలో పెట్టేశాడు.

రెండో ఏడు జబ్బు ముదిరింది. అందరికీ ఇంత త్వరగా ముదరదు, కొందరికి ముదురుతుంది అన్నాడు డాక్టరు. ఆ ఆగస్టులో ధరణి చదువు ముగిసింది. ఇక్కడ ఉద్యోగం దొరకలేదు. శాశ్వత నివాసానికి పీఆర్ రావాలంటే పడమటి వైపే మేలని ఎవరో చెబితే సస్కటూన్‌లో ఒక గోడౌన్ పనికి బయల్దేరింది. వెళ్ళే ముందు ఇంటికొచ్చి నీలం సైకిలును గరాజ్‌లో తలకిందులుగా నిలబెట్టి ప్రతి బోల్టూ చూసింది. అప్పటికి కుడిచేతికి కూడా బలం తగ్గింది. వేళ్ళకు అందేలా లివర్‌ను దగ్గరికి జరపమని అంతకుముందే మూడుసార్లు ఆమెనే అడిగాడు. ఈసారి స్క్రూ తిప్పి, తిప్పి, ఆగింది.

"ఇంతకంటే దగ్గరికి రాదంకుల్," అంది తల ఎత్తకుండా.

"పర్లేదమ్మా. చాలు."

సలోమి ఆమెకు చేపల పులుసుతో అన్నం పెట్టి, మామిడికాయ పచ్చడి సీసా చేతికిచ్చి, నెత్తిమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది. గేటు దగ్గర ధరణి ఎలియాజరు చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది.

అక్టోబరులో ఒక సాయంత్రం పనినుంచి వస్తూ ఎలియాజరు ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఎర్రలైటు దగ్గర ఆగాడు. ఆగడం సరిగ్గానే ఆగాడు. పచ్చలైటు పడింది. కుడికాలు పెడల్ మీద ఉంది. నేలమీదున్న ఎడమకాలు లేవలేదు. మేకు కొట్టినట్టు అక్కడే ఉండిపోయింది. వెనక కార్లు కాసేపు చూసి, పక్కనుంచి వెళ్ళిపోయాయి. లైటు ఎర్రబడింది, మళ్ళీ పచ్చబడింది. మూడోసారికి కాలు కదిలింది. కానీ ఇక సైకిలు ఎక్కలేదు. దిగి, హ్యాండిల్‌ను ఆసరాగా పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. గంట పట్టింది.

సలోమి వాకిట్లోనే నిలబడి ఉంది. అతను తోసుకుంటూ రావడం దూరం నుంచే చూసింది. ఎదురెళ్ళి సైకిలు అందుకుని గరాజ్‌లో పెట్టి వచ్చింది.

"రేపట్నించి బస్సుకెళ్తాలే," అన్నాడు.

"బస్సెందుకు, నేను దింపుతాను. కాకపోతే ఆరున్నరకల్లా బయల్దేరాలి. లేవగలరా?"

"లేస్తాను."

మర్నాడు ఏడు కాకముందే ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపి, అద్దంలోంచి చెయ్యి ఊపి, ఆమె తన డ్యూటీకి వెళ్ళిపోయింది. షిఫ్ట్ మొదలవడానికి ఇంకా గంటన్నర ఉంది. క్యాంటీన్‌లో లైట్లు వెలుగుతున్నాయి గానీ మనుషులు లేరు. కిటికీ పక్కన కూర్చున్నాడు. బయట చీకటి విడిపోతూ, రోడ్డు కొంచెం కొంచెంగా కనపడసాగింది. ఆ వేళకి తనైతే ఇంకా ఇంట్లో టైర్లలో గాలి చూసుకుంటూ ఉండేవాడు. ఎలియాజరు టేబుల్ మీద తల వాల్చి, జబ్బు పేరు విన్నరోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు. మనుషులు రావడం మొదలయ్యేసరికి లేచి ముఖం కడుక్కుని, మెల్లగా స్టోర్స్ వైపు నడిచాడు.