అడుగులు లేని గుండె దడ

నా మొగుడు రాజేంద్ర మీద నాకు అనుమానం పుట్టించింది మా తమ్ముడు మునికుమారే.

గుండెకు స్టెంటు వేయించుకున్న బావ కోసం కుప్పం నుంచి చేతి బ్యాండు తెచ్చాడు. ఈయనది బటన్ ఫోను కాబట్టి బ్యాండును నా ఫోనుకు జత చేశాడు.

"అక్కా, బావ ఇంటికొస్తానే బ్లూటూత్ ఆన్ చెయ్యి. పగలంతా ఎన్నడుగులేసినాడో, గుండె ఎట్ల కొట్టుకునిందో అన్నీ దీన్లోకే వస్తాయి."

మదనపల్లె టమోటా మండీలో కూర్చుని చీటీలు రాసే పని ఈయనది. బరువులు ముట్టొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. సాయంత్రం పుంగనూరులో బస్సు దిగి ఇంటికి రాగానే సింక్ చేసేదాన్ని. మొదట్లో అంతా మామూలే. తర్వాత నెల రోజులుగా, పొద్దున పది నుంచి పన్నెండు దాకా గుండె నూట నలభై. అడుగులు మాత్రం వంద కూడా లేవు.

కదలకుండా కూర్చున్న మనిషికి గుండె అంతలా ఎందుకు కొట్టుకోవాలి? ఎదురుగా ఎవరో ఉండాలి. నాకు ఒళ్లు మండిపోయింది. బ్యాండు పాడైందేమోనని నా చేతికి కట్టుకుని గిన్నెలు తోమి చూశాను. గుండె లెక్క సరిగ్గానే చూపించింది. అంటే తప్పు మనిషిదే.

"పొద్దన పది గంటలప్పుడు యాడుంటావప్పా?"

"యాడుంటా, మండీలోనే," అన్నాడు నా ముఖం చూడకుండా.

మర్నాడు ఆయన వెనకాల బస్సుకే నేనూ బయల్దేరాను. మండీలో ఆయన బల్ల దగ్గర, జడలో కనకాంబరాలు పెట్టుకున్న అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. దొరికాడనుకున్నాను.

"రాజేంద్ర యాడమ్మా?" గట్టిగానే అడిగాను.

"చీటీలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే కదక్కా. ఆయన్ను తీసేసి నెలయింది. అదో, ఆడ బండి తోస్తాండాడు సూడు."

తోపుడు బండి నిండా టమోటా పెట్టెలు. రెండు చేతులతో పిడి బిగించి పట్టుకుని, తల వంచుకుని తోస్తున్నాడు. చెయ్యి ఊగితేనే బ్యాండు అడుగు లెక్కపెడుతుందని అప్పుడు అర్థమైంది.

నన్ను చూసి ఆగిపోయాడు. "యాల వచ్చినావు వాణీ?"

"సచ్చిపోతావప్పా!" ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "చెప్పింటే నేను పనికి పోనా?"

"బ్యాండు పట్టిస్తాదనుకున్యా. నువ్వు గుండె సంగతి ఏమీ అడక్కపోతే, దాంట్లో పడలేదనుకుంటి."

నా సంచిలో ఫోను టింగుమంది. బ్యాండు దగ్గరికొచ్చేసరికి దానంతటదే సింక్ అయింది. నూట నలభై రెండు. నెల రోజులుగా ఆ అంకెను రోజూ చూస్తూనే ఉన్నాను. నొప్పిగా ఉందా అని ఒక్కరోజూ అడగలేదు.