చామంతి తోట పక్కన చచ్చిన నక్షత్రం

నా ఎడమకన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. ఉన్న కుడికంటికి ఇప్పుడు నడుమ చూపు పోయింది. మనిషి ముఖం చూస్తే చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. చాలామంది విషయంలో పెద్ద నష్టమేమీ లేదు. అంచుల్లో మిగిలిన చూపు కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడు డాక్టరు.

ముప్పయ్యేళ్ళు షాబాద్‌లో పిల్లలకు సైన్సు చెప్పాను. చచ్చిపోయే నక్షత్రం తన పొరలను వదిలేస్తే అవి ఉంగరంలా మిగులుతాయని బోర్డు మీద సుద్దతో గీసేదాన్ని. నిజమైనదాన్ని ఒక్కసారీ చూడలేదు. చూపు పూర్తిగా పోకముందే చూడాలని టెలిస్కోపు కొని, చిన్న మంగళారం ఊళ్ళో మా పెరట్లో పెట్టాను. ఫోన్లో పేరు నొక్కితే అదే వెతుక్కుంటుంది.

అడ్డుపడ్డది పక్కనున్న కుర్మయ్య చామంతి తోట. పొద్దుగూకితే ఎకరమంతా బల్బులు వెలుగుతాయి. రాత్రి పొడుగని తెలిస్తే చామంతి తొందరపడి మొగ్గ వేస్తుంది. దీపావళి దాకా ఆపాలంటే దాన్ని వెలుతురుతో మభ్యపెట్టాలి. ఆ వెలుతురుకు మా పెరటి మీద ఆకాశం తెల్లబోయింది.

"అర్ధగంట ఆర్పు కుర్మయ్యా. తెల్లారుగట్ల అర్ధగంట ఎక్కువ వెలిగించుకో."

"మొక్కకు మీ లెక్కలు తెల్వయ్ టీచరమ్మా. చీకటైతే మొగ్గేస్తది, గంతే."

పదిరోజులు బతిమాలాను. వాన వెలిసిన ఒక సాయంత్రం, ఎనిమిదింటికి, బల్బులు ఆర్పి తానే వచ్చాడు. ముందు తను చూస్తాడట. తోటను దేనికోసం చీకటి చేశాడో తెలియాలి కదా.

చూశాడు. కళ్ళు నులుముకొని మళ్ళీ చూశాడు.

"ఏం లేదు టీచరమ్మా. ఉత్త చీకటి. దీనికోసమా నా కరెంటు బుగ్గలు ఆర్పిచ్చింది?"

నా ప్రాణం ఉసూరుమంది. మంచి కళ్ళకే ఆనకపోతే నాకేం ఆనుతుంది? అయినా వంగాను. నడుమ ఎప్పటిలాగే ఏమీ లేదు. మనుషుల ముక్కులు చూడ్డానికి రోజూ చేసే అలవాటు కొద్దీ చూపును కాస్త పక్కకు జరిపాను.

ఉంది. బూడిదరంగులో, చిన్న సకినమంత, నడుమ బొక్కతో. ఏడ్చేశాను. సంతోషంతోనే, సిగ్గేముంది.

"కనవడ్డదా?"

"కనవడ్డది."

"కండ్లు మంచిగున్నది నాకు. మరి నాకెందుకు కనవడలే?"

మసక వెలుతురును కంటి నడుమ భాగం పట్టలేదు, అంచులే పడతాయి. ఈ ముక్క కూడా ముప్పయ్యేళ్ళు చెప్పాను. నాకూ వర్తిస్తుందని మాత్రం ఎన్నడూ తోచలేదు.

"నీ కండ్లు మంచిగున్నయ్ గదా, అందుకే," అన్నాను.

ఈ మాట ఒకరితో ఇంత గర్వంగా అనే రోజు వస్తుందనుకోలేదు.