ఏడో వాగు కిరాయి

పొద్దుగాల ఎనిమిది కొట్టకముందే రజియా తాండూరు గల్లీలల్ల నలభై ఇండ్ల సద్దిగిన్నెలు జమ చేసుకునేది. పన్నెండు లోపల వాగు దాటి, గనుల దాక మోసి, ఎవల గిన్నె వాళ్లకు అప్పజెప్పేది. ఖాళీ గిన్నెలు ఏరుకోని మల్ల ఊళ్లెకు పొయ్యేది. నలభై గిన్నెలు ఒక్క ఆడమనిషి ఎట్ల మోస్తదని మీరు అడగొచ్చు. తాండూర్ల మాత్రం ఎవ్వలు అడగలే. రజియాకు గుర్రం ఉన్నది కదా.

గుర్రమంటే కట్టేసి గడ్డి ఏసే గుర్రం కాదు. ఎనభై మూడుల వానలు దంచికొట్టినప్పుడు బాలప్ప తాత పెట్టిన ఆటల ఆమె గెలుచుకున్న గుర్రం, ఆమె కాళ్లల్లనే ఉంటది.

గనులల్ల నీళ్లు నిండితే బండలు కొట్టే పని బందు. ఆ రోజులల్ల బాలప్ప పాలిష్ షెడ్డు కింద తన ఆట పరిచేటోడు. ఆయనది సేడం దిక్కు ఊరు, మాటల నడుమ కన్నడం దొర్లుతది. మూడడుగుల నాపబండ మీద ఉలితోని అడవి, ఘాట్ రోడ్డు, ఏడు వాగులు, ఆఖరికి ఒక కోట చెక్కి పెట్టుకున్నడు. వాగులంటే సన్నటి గాడులు, అండ్ల వాన నీళ్లే నిండాలె. ఆడేటోళ్లకు తలా ఒక రాతి బిళ్ల, ఆ బిళ్లకు ఒక ఏషం. రజియా సిపాయి. ఆమె మొగడు జమాల్ లారీల మీద హమాలీ, ఆటల మాత్రం సరుకులమ్మే సౌదాగర్. పక్క గుడిసె సంతోషమ్మ హకీం. "ముందట పులి ఉన్నది, ఏం జేస్తవు?" అని తాత అడుగుతడు. నువ్వు చెప్పాలె, గవ్వలు ఎయ్యాలె. చెప్పిన మాట వాపసు తీసుకునుడు లేదు.

వానలు ఆగి పని షురూ అయితే ఆట ఏడున్నదో ఆడనే ఆగుతది. వచ్చే ఏడు వానకు ఆడికెంచే రెండో ఆట. నీ కాడ ఏమున్నదో, నువ్వు ఏం జేసినవో, రెండూ నీ వెంబడే వస్తయి. నడుమ ఏడాదంత గూడ అవి నీ మీదనే ఉంటయి. అంతకు ముందు ఒకసారి జమాల్ గొడుగు గెలిస్తే, ఆ ఏడంత వానల తిరిగినా ఆయన అంగీ తడవలే. లారీ మీద తోటి హమాలీలు ఆయన పక్కకే జరిగి కూసునేటోళ్లు.

ఎనభై మూడు ఆట ఆఖరి రోజు సంగతి చెప్పాలె. ముగ్గురూ ఏడో వాగు కాడికి చేరిన్రు. అవుతల కోట కనబడుతున్నది. జమాల్ తన సరుకేసుకోని ముందుగాలనే దాటిండు. తాత రజియా దిక్కు చూసి, "పడవల నువ్వు కూసుంటే ఇంకొక్కరికే జాగ. గుర్రమా, హకీమా?" అన్నడు.

"గుర్రమే," అన్నది రజియా. ఆలోచించను గూడ లేదు.

అందరు నవ్విన్రు. "నాకన్న గుర్రం ఎక్కువైందా నీకు," అనుకుంట సంతోషమ్మ గూడ కడుపు పట్టుకోని నవ్వింది. తెల్లారి ఎండ కొట్టింది. గనులల్ల నీళ్లు తోడుడు మొదలైంది, ఆట ఆగింది. రజియా, జమాల్ కోట దర్వాజ ముందట. సంతోషమ్మ వాగు వెనక ఒడ్డున.

వాళ్ల గుడిసెలు గనుల దిక్కు ఉంటయి. బజారు, డాక్టరు, రైలు టేషను, అన్ని వాగు దాటితేనే. నాలుగో రోజు సంతోషమ్మ ఉప్పు కొనను పోయి వాగు కాడ ఆగింది. కాళ్లు రాలే. బస్సు ఎక్కించిన్రు. బస్సు వంతెన దాటింది, సంతోషమ్మ సీటు ఖాళీ. ఆమె వెనక రోడ్డు మీదనే నిలబడి ఉన్నది, చేతుల టికెట్ పట్టుకోని. "టికెట్ పైసలు వాపసు రావమ్మా," అని కండక్టరు కిటికీలకెంచి కేకేసి పోయిండు. వెనక ఒడ్డున ఉండిపోయిన మనిషి ఎట్ల దాటుతదని అందరు ఎవల పనికి వాళ్లు పోయిన్రు.

అప్పటిసంది రజియాకు నిలుకడ లేదు. అన్నం తినేటప్పుడు గూడ కూసోకుండ, తలె చేతుల పట్టుకోని వాకిట్ల తిరిగేది. గుర్రం కాళ్లాయె, ఆగితే గుంజుతయి. కాని అసలు బాధ అది గూడ కాదు. ఆగితే సంతోషమ్మ గుడిసె కనబడుతది. ఉప్పు, చింతపండు, దగ్గు మందు, ఏది కావాలన్నా రజియానే తెచ్చి ఇచ్చేది. సంతోషమ్మ ఒక్క మాట అనలే. "నీ గుర్రం సల్లగుండ, నాకు బజారు తిప్పలు తప్పినయి," అని నవ్వేది. తిట్టినా బాగుండు, జుట్టు పట్టుకోని కొట్టినా బాగుండు అనిపించేది రజియాకు.

దగ్గు మందు శివయ్యకు, సంతోషమ్మ మొగనికి. ఇరవై ఏండ్లు బండ దుమ్ము మింగిన రొమ్ము ఆయనది. ఎండకాలం నడుమల రజియా ఆయనను డాక్టరుకు చూపిచ్చింది. వికారాబాదు పోయి అనంతగిరి దవాఖానల చేరాలె, నెలల తరబడి ఉండాలె, పక్కన ఒక మనిషి ఉండాలె, ఆలస్యమైతే ఎవల చేతులల్ల ఉండదు అన్నడు డాక్టరు.

"నేను తోలుకపోత శివయ్యన్నా. గంట సేపు రైలు, అంతే కదా," అన్నది రజియా.

"నువ్వు నెలలకు నెలలు ఆడ కూసుంటే నలభై ఇండ్ల అన్నం ఎవలు మోస్తరు?" అన్నడు శివయ్య. "అయినా సంతోషమ్మ లేనిది నేను పోను. ఆమె ఒడ్డున నిలబడి చూస్తుంటే నేను రైలెక్కాల్నా? ఈడనే దగ్గుత."

మొండి మనిషి. ఆ మొండితనానికి రెండు తగిలించాలె, కాని దగ్గేటోన్ని ఎవలు కొడ్తరు. ఒకసారి జమాల్ ఆయనను బలవంతంగ రైలు దాక తీసుకపోతే, టికెట్ కొని తిరిగేసరికి మనిషి లేడు. నడుసుకుంట ఇంటికొచ్చి సంతోషమ్మ పక్కన కూసున్నడు.

ఇంక ఒక్కటే దారి మిగిలింది. వాన పడాలె, రెండో ఆట తెరవాలె. ఆ ఏడు వాన మొఖం చాటేసింది. మిరుగం కార్తె ఒట్టిగనే పోయింది, ఆరుద్ర ఒట్టిగనే పోయింది. శివయ్య ఉమ్మిల ఎరుపు కనబడ్డది. రజియా రోజుకు మూడుమాట్లు బాలప్ప కాడికి ఉరికేది. ఒకనాడు తాళలేక బిందెడు నీళ్లు తెచ్చి బండ మీది గాడులల్ల గుమ్మరించింది. సుయ్యిమని ఇంకిపోయినయి.

"ఆట నీళ్లు పైకెంచే రావాలె బిడ్డా," అన్నడు తాత. "బిందెల నీళ్లు తాగేటందుకు."

"అక్కడ శివయ్యన్న పానం పోతున్నది తాతా."

"నాకు ఎరుకే. నేను గూడ మబ్బునే చూస్తున్న."

పెద్ద పుష్యాల కార్తెల ఒకనాడు తెల్లారంగనె మబ్బు కమ్మి, మిట్టమధ్యానం దాక కురిసింది. గనులల్ల మోకాలి బంటి నీళ్లు నిలిచినయి. బాలప్ప ఉరికురికి బండ పరిచిండు. "ఒక్క వాననే ఇది. గాడులల్ల నీళ్లు ఉన్నంత సేపే ఆట," అన్నడు. శివయ్యను గోడకు ఒరిగించి, సంతోషమ్మ గూడ వచ్చి కూసున్నది.

"సిపాయీ, సౌదాగరూ, కోట దర్వాజ తెరిచి ఉన్నది. ఏం జేస్తరు?"

కోటల అడుగు పెట్టినోళ్లకు నెత్తి మీదికి మేడ వస్తదని జమాల్ ఏడాదంత రేకుల కింద పండుకోని కలలు గన్నడు. "ఇంకేం జేస్తం, లోపలికి పోతం," అన్నడు.

"నేను వెనక్కి పోత," అన్నది రజియా.

"నీకు మతి ఉన్నదా? రెండడుగులల్ల మేడ ఉన్నది."

"ఆ మేడల నాకు నిద్ర రాదు."

జమాల్ ఇంకేమో అనబోయిండు. శివయ్యకు దగ్గు తెర అందుకున్నది. అది ఆగేదాక అందరు బండ దిక్కే చూసిన్రు. జమాల్ తన బిళ్లను దర్వాజ ముందటికెంచి తీసి పక్కన పెట్టిండు.

"వెనక్కి పోను కిరాయి ఏమిస్తవని పడవాయన అడుగుతున్నడు," అన్నడు తాత.

"కత్తి ఇస్త."

కత్తి పోయింది. ఆముదపాకు ముక్క పడవ మీద సిపాయి బిళ్ల ఏడో వాగు దాటి, హకీం బిళ్ల పక్కకు చేరింది. తాత గడ్డం గోక్కున్నడు. "గుర్రం ఇస్తే ఒక్క మనిషిని దాటిస్తడట. ఇద్దరికైతే ఇంకేమన్న ఇయ్యాలె. ఒకల వంతుల ఇంకొకల సొమ్ము చెల్లదు. నీ కాడ ఏమున్నది?"

రజియా కాడ ఇంకేమీ లేదు. తాతకు తెలుసు, జమాలుకు తెలుసు. సంతోషమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నది. "వద్దు రజియా, మాట జారకు. గుర్రం పోతే నీ బతుకుదెరువు పాయె. ఈ ఒడ్డున ఉండుడంటే ఏందో నీకు తెల్వదు, నాకు తెలుసు."

"ఏడాదిసంది చూస్తున్న కదక్కా."

"చూసుడు వేరు."

"హకీం పోతది," అన్నది రజియా. ఈసారి ఆలోచించే అన్నది. భయమైంది, అయినా మల్లొకసారి అన్నది. "హకీమే పోతది తాతా. నేను ఈ ఒడ్డున ఉంట."

పొద్దుగూకేసరికి గాడులు ఎండినయి. బాలప్ప బండను గోడకు ఆనిచ్చిండు.

తెల్లారి నలుగురూ వాగు కాడికి పోయిన్రు. సంతోషమ్మ వంతెన మీద ఒక కాలు పెట్టి, కాసేపు దాన్నే చూసుకున్నది. తర్వాత రెండో కాలు పెట్టింది. అట్లనే మొగని రెక్క పట్టుకోని దాటిపోయింది. అవుతలికి పోయినంక యాదికొచ్చి వెనక్కి తిరిగి చూసింది. రజియా శివయ్య బొంత పట్టుకోని ఈవుతలనే నిలబడి ఉన్నది. అడుగు తీద్దామని చూసింది, కాళ్లు రాలే. బొంత జమాలుకిచ్చింది. వాళ్లు మలుపు తిరిగేదాక చూసి, అక్కడనే రాయి మీద కూలబడి తనివితీర ఏడ్చింది. ఎంత సేపు కూసున్నా కాళ్లు గుంజలే.

నలభై ఇండ్లు పదికి వచ్చినయి. ఆ పది గిన్నెలు జమాల్ లారీ పనికి పోంగ పోంగ మోసేటోడు. మొదటి వారం గోంగూర తినేటాయనకు ఖీమా, ఖీమా తినేటాయనకు గోంగూర అందినయి. ఇద్దరూ తిన్నరు, తిన్నంకనే తిట్టిన్రు. రజియా వాగు కాడ ఎదురొచ్చి గిన్నెలు అందుకోని గనుల దాక నడిచేది. అందరి నడకనే నడిచేది, ఆయాసపడేది, నడుమ ఆగి నీళ్లు తాగేది.

శివరాత్రి ముందట శివయ్య తన మూట తనే మోసుకోని వంతెన దాటి వచ్చిండు. ఒళ్లు సగమైంది కాని దగ్గు లేదు. వెనక సంతోషమ్మ. రజియా చెంబుతోని ఎదురు పోయింది. సంతోషమ్మ ఆ చెంబు ముట్టలే, గుడిసె దిక్కు గూడ చూడలే. సీదా పాలిష్ షెడ్డుకు పోయి బాలప్ప ముందట నిలబడ్డది.

"తాతా, హకీం కాడ ఏమేం ఉన్నయో జర సూడు."

"ఇప్పుడే ఒచ్చినవు, జర కూసో బిడ్డా. వానకు ఇంక నాలుగు నెలలున్నది."

"ఉండనీ," అన్నది సంతోషమ్మ. "రజియా కిరాయికి సరిపోతదా లేదా, ముందుగాల అది సూడు."