సగం గీసిన గడ్డం

ఫోన్ చేసినవాడు కేకలేయలేదు, తిట్టలేదు. మర్యాదగా, అచ్చమైన జెరెమీ ఊరి యాసలో మాట్లాడాడు.

"మిమోజ్ చెల్లెమ్మేనా? శనివారం చర్చి హాల్లో పాడుతున్నావట. మొన్న ఎవరో నీ టేపు వినిపించారు. గొంతు బాగుంది."

"మీరెవరండీ?"

"మీ ఊరివాణ్ణేలే. మీ తమ్ముడు డియూసెల్ ఇంకా ఆ బళ్ళోనే లెక్కలు చెబుతున్నాడుగా? సముద్రం ఒడ్డు దారిన ఒక్కడే నడిచి వెళ్తుంటాడు పాపం. నీకా గడ్డం పాట ఎందుకమ్మా? ప్రేమ పాటలు లేవూ?"

అంతే, పెట్టేశాడు. మిమోజ్ రిసీవర్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయింది. వంటింట్లోంచి క్లెర్మీజ్ వచ్చి, ఆమె చేతిలోంచి దాన్ని తీసి పెట్టేసింది.

"ఎవరే?"

"పేరు చెప్పలేదక్కా. డియూసెల్ ఏ దారిన నడుస్తాడో చెప్పాడు."

మిమోజ్ హైతీ వదిలి మాంట్రియల్ వచ్చి ఏడేళ్ళయింది. పగలంతా కోట్ల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఆదివారాలు పెళ్ళిళ్ళలో, చర్చిల్లో పాడేది, అక్కడ ఎవరో ఒకరు టేపు చేసుకునేవారు. ఆ చలికాలమే రికార్డుల షాపాయన ఒకరు పిలిచి, ప్లేటు వేద్దామన్నాడు. పాట రాసింది క్లెర్మీజ్. ముసలివాళ్ళ ఆశ్రమంలో ఆయా పని చేస్తూ, బస్సులో కవిత్వం రాసుకునే మనిషి. ఇద్దరూ ఒకే ఇంట్లో అద్దెకుండేవారు.

పాట మిమోజ్ తండ్రి గురించి. జెరెమీలో ఆయనకు చిన్న సెలూన్ ఉండేది. ఒకరోజు పొద్దున్నే సర్కారు పంపిన నల్లకళ్ళద్దాల మనుషులు వచ్చి, గడ్డం గీస్తున్నవాణ్ణి గీస్తున్నట్టే ఈడ్చుకుపోయారు. కుర్చీలో కూర్చున్న మనిషి భయంతో సాయంత్రం దాకా లేవలేదు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బునురగ ఎండి అట్టకట్టింది. తండ్రి మళ్ళీ తిరిగి రాలేదు. పాటలో ఎవరి పేరూ లేదు. అక్కర్లేదు కూడా, విన్నవాళ్ళకు తెలిసిపోయేది.

మర్నాటి నుంచి మిమోజ్‌కు ప్రతి మగాడి గొంతూ ఆ గొంతులాగే వినిపించసాగింది. మేకమాంసం కొట్టేవాడు "ఎంత కావాలి చెల్లెమ్మా" అంటే సంచీ అక్కడే వదిలేసి బయటికొచ్చేసింది. ఫ్యాక్టరీలో సూది వేలిలో దిగితే, రక్తం కాలర్‌కు అంటేదాకా చూసుకోలేదు. ఆ ఫోన్ చేసినవాడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు, తన టేపు విన్నాడు. ప్రార్థనలో తన వెనక బెంచీ మీదే కూర్చుని ఉండొచ్చు.

శుక్రవారం సాయంత్రం మిమోజ్ వెళ్ళి క్లెర్మీజ్ ముందు కూలబడింది.

"నేను పాడలేనక్కా. నన్ను తిట్టు."

"తిట్టడమెందుకు? పాడకు. పాట ఎక్కడికీ పోదు, మీ తమ్ముడికి ఉన్నది ఒక్క మెడ. నీకు గొంతు పట్టేసిందని చెబుతాను."

"మరి జనం?"

"జనానికి నేను చదువుతాను. హైతీలో వాళ్ళు పట్టుకోవడానికి నాకు మిగిలినవాళ్ళెవరూ లేరు. నన్ను బెదిరించాలంటే సమాధులకు ఫోన్ చేసుకోవాలి."

శనివారం మధ్యాహ్నం చర్చి నేలమాళిగలోని హాలు నిండిపోయింది. తడిసిన బూట్ల వాసన, వేయించిన పందిమాంసం వాసన కలిసిపోయాయి. మిమోజ్ మెడకు శాలువా చుట్టుకుని వెనక వరసలో కూర్చుంది. మగవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. టోపీ తీయనివాడు ఒకడు, ఎవరితోనూ మాట్లాడనివాడు ఒకడు, మరీ ఎక్కువ నవ్వుతున్నవాడు ఒకడు. ఎవడైనా కావచ్చు.

క్లెర్మీజ్ కవిత మొదలుపెట్టింది. ఆమెది బొంగురు గొంతు, సుఖంగా వినేది కాదు. సబ్బునురగ ఎండే చోటికి వచ్చేసరికి ఆ గొంతు ఆగిపోయింది. మాట మరిచిపోయిందో, దుఃఖం అడ్డుపడిందో. ముందు వరసలో ఒక ముసలావిడ ఆ చరణాన్ని పాటగా అందుకుంది. పక్కావిడ కలిసింది. టేపులు చేతులు మారి అప్పటికే ఇంటింటికీ తిరిగాయి కదా, హాలంతా అందుకుంది. శాలువాలోంచి తన గొంతు కూడా బయటికొస్తోందని మిమోజ్ గమనించేసరికి పాట సగమైపోయింది. నోరు మూసుకోబోయింది. చేతకాలేదు.

ఆదివారం ఫోన్ మోగింది.

"గొంతు బాగోలేదన్నారే. మంది మధ్యలో కూడా భలే తెలిసిపోయింది చెల్లెమ్మా."

ఈసారి మిమోజే పెట్టేసింది. బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. ముఖం కడుక్కుని వచ్చి, "పాడితే ఒక బాధ, పాడకపోతే ఒక బాధ. ముందు డియూసెల్‌ను అక్కణ్ణుంచి తప్పించాలక్కా" అంది.

హైతీకి వెళ్ళే ఉత్తరాలు అక్కడ విప్పి చదువుతారని అందరికీ తెలుసు. ఆ వారమే జెరెమీకి తిరిగి వెళ్తున్న సిస్టర్ లోరెట్ అనే సన్యాసిని దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. నోటిమాటగా ఒక్క కబురు అప్పజెప్పారు: బరహోనా పెద్దమ్మకు జబ్బుగా ఉందట, వెంటనే చూసి రమ్మను. బరహోనా సరిహద్దు దాటాక, అవతలి దేశంలో ఉంది. పెద్దమ్మకు ఏ జబ్బూ లేదని డియూసెల్‌కు తెలుసు, ఎందుకు రమ్మన్నారో అర్థం చేసుకుంటాడు.

ఆ తర్వాత ఏ కబురూ లేదు. మంచు కరగడం మొదలైనా లేదు. పాడుతూ పాడుతూ తమ్ముణ్ణి తానే చంపుకుందని మిమోజ్ నమ్మేసింది. తిండి తగ్గింది. ఫోన్ మోగితే దిండు కింద తల దూర్చేది. క్లెర్మీజే ఎత్తేది.

ఒక పొద్దున క్లెర్మీజ్ రిసీవర్ చేత్తో మూసి, "లే. నీకే" అంది.

"నేను మాట్లాడను."

"మాట్లాడి తీరాలి. చెరకు పొలాల్లోంచి నడిచొచ్చాడట, పాదాలు పుళ్ళట. లేవవే."

"అక్కా," అన్నాడు డియూసెల్, గరగరమనే లైనులోంచి. "పెద్దమ్మ దుక్కలా ఉంది. జబ్బుపడ్డది నేనే."

మిమోజ్ ఏడ్చింది. వాడు ఆగి, ఆగి, "డబ్బులైపోతున్నాయి, ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ఆ పాట పాడావా, లేదా?" అని అడిగాడు.

"అందరితో కలిసి పాడాను."

"అదీ ఒక పాటేనా. నాన్నకు ఎవరి గొంతని తెలుస్తుంది?"

ఎండాకాలంలో పాట రికార్డు చేశారు. మిమోజ్ ధైర్యవంతురాలైపోయిందేమీ లేదు. స్టూడియో తలుపుకు ఎదురుగా నిలబడతానని పట్టుబట్టింది, ఎవరైనా వస్తే కనబడాలని. క్లెర్మీజ్ వెనక నిలబడి ఆమె నడుము పట్టుకుంది. మైకు దగ్గర ఇద్దరి ఊపిరీ వినబడుతోందని షాపాయన విసుక్కున్నాడు. "వినబడనీ," అంది క్లెర్మీజ్.

అట్ట మీద పేరు వేయమంది మిమోజ్, ఫొటో మాత్రం వద్దంది. డియూసెల్ మాంట్రియల్ చేరాక వచ్చిన రెండో ప్లేటుకు ఫొటో కూడా వేయించింది. ఇద్దరు ఆడవాళ్ళూ పక్కపక్కనే ఉంటారు అందులో. క్లెర్మీజ్ కెమెరా వైపు చూస్తూ ఉంటుంది. మిమోజ్ కాస్త పక్కకు, తలుపు వైపు చూస్తూ ఉంటుంది.