అంజవ్వ ఫ్రిజ్‌లోని గ్యాస్

బోధన్ రాకాసిపేటలో సత్యానందానికి ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే దుకాణం ఉంది. పదో తరగతి తప్పినా, కంప్రెసర్ చప్పుడు వింటే చాలు రోగమేమిటో చెప్పేస్తాడని పేరు. కూతురు రజిని నిజామాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. రోజూ బస్సులో వెళ్లి వస్తుంది.

జూలైలో ఒక సాయంత్రం ఆమె బస్సు దిగి దుకాణానికి వచ్చేసరికి, కోటగిరి నుంచి అంజవ్వ అనే పెద్దావిడ పంపిన ఎర్ర ఫ్రిజ్‌ను ఆటోలోంచి దించుతున్నారు. భర్త చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో కొన్నదది. ముప్పై ఆరేళ్లయినా ఇంకా చల్లగానే ఉంచుతోంది గాని, తలుపు ముట్టుకుంటే షాక్ కొడుతోందట. ఇక తుక్కుకు వేసేయమంది.

సత్యానందం కటింగ్ ప్లయర్ తీసుకుని వెనకవైపు రాగి గొట్టం కత్తిరించబోయాడు. గ్యాస్ బుస్సుమని పోతుంది, ఖాళీ డబ్బా మిగులుతుంది. అతనికిది అలవాటైన పనే. రజిని అతని చెయ్యి పట్టుకుంది.

"బాపూ, జర ఆగు. గిది పాత గ్యాస్. గాలిలకు ఇడువకు."

స్టూలు మీద కూర్చోబెట్టి విషయం చెప్పింది. ఒక కార్బన్‌కు రెండు క్లోరిన్‌లు, రెండు ఫ్లోరిన్‌లు అతుక్కుంటే ఈ గ్యాస్. మండదు, వాసన రాదు, ఇంట్లో మనిషికి హాని చెయ్యదు. అందుకే అప్పట్లో ఫ్రిజ్‌లన్నిట్లో ఇదే నింపారు. కిందెక్కడా విరగదు కాబట్టి మెల్లగా పైదాకా పోతుంది. అక్కడి తీవ్రమైన ఎండకు ఒక క్లోరిన్ ఊడుతుంది. ఎండలోని చెడు కిరణాలను ఆపే ఓజోన్ అణువులను ఆ ఒక్క క్లోరిన్ వేలకు వేలు విరగ్గొడుతుంది.

సత్యానందం ప్లయర్ పక్కన పెట్టాడు.

"ఎన్ని కోసిననో బిడ్డా. నాకెవ్వరు చెప్పలే," అన్నాడు.

"ఇప్పుడు చెప్పిన గదా. క్లాసుల గిదే పాఠం నడుస్తున్నది. దీంట్ల గ్యాస్ మా పిల్లల ముంగట పట్టి సూపియ్యి."

కాలేజీకి తనేంటని అతను మొండికేశాడు. రెండు రోజులు రజిని, తల్లి శారమ్మ కలిసి బతిమాలితే ఒప్పుకున్నాడు. ఏసీల్లోని ఖరీదైన గ్యాస్‌ను సిలిండర్‌లోకి పట్టుకునే మిషన్ దుకాణంలో ఎలాగూ ఉంది. గురువారం పొద్దున ఫ్రిజ్‌ను, మిషన్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని నిజామాబాద్ చేరారు.

క్లాసులో మొదట అతని మాట తడబడింది. గొట్టానికి వాల్వు బిగించి, ఖాళీ సిలిండర్‌ను ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టి, మిషన్ ఆన్ చేశాక చేతులతోపాటు మాటా కుదురుకుంది. కాంటా మీద అంకె పెరుగుతుంటే పిల్లలు బెంచీల మీద నుంచి లేచి చుట్టూ మూగారు. నలభై గ్రాములు, తొంభై, నూట అరవై.

ముందు నిలబడ్డ సింధూజ అనే అమ్మాయి అడిగింది. "సార్, ఇంతకుముందు మీరు గాలిలకే ఇడిసేటోళ్లా?"

రజిని అడ్డుపడబోయింది. సత్యానందం వద్దన్నట్టు తలూపాడు.

"ఇడిసిన బిడ్డా. శానా ఇడిసిన. గందుకే గిప్పుడు పడ్తున్న."

ఎవరూ నవ్వలేదు. అప్పుడు రజిని మిగతా కథ చెప్పింది. దేశాలన్నీ ఒక మాట మీదికొచ్చి ఈ గ్యాస్ తయారీ ఆపేశాయి. దక్షిణ ధ్రువం మీద ఓజోన్ పలచబడ్డ చోటు మెల్లగా మానుతోంది. ఇట్లాగే సాగితే 2066 నాటికి మునుపటిలా అవుతుందని శాస్త్రవేత్తల అంచనా. తండ్రి ఆ మాట మొదటిసారి విన్నాడు. మళ్లీ చెప్పమన్నాడు. చెప్పింది.

సింధూజ నోటుబుక్కులో లెక్కేసింది. "అప్పటికి నాకు యాభై ఎనిమిదేండ్లు సార్."

"నాకిప్పుడు గంతే," అన్నాడు సత్యానందం. క్లాసంతా పగలబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా అతనే నవ్వాడు.

గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. మోస్రా నుంచి వచ్చే అబ్బాయి తమ ఇంటి వెనక ఇలాంటి పాత ఫ్రిజ్ ఉందన్నాడు. చందూర్ అమ్మాయి, మా పెద్దమ్మవాళ్లదీ ఉందంది. సత్యానందం ఊళ్ల పేర్లు రాసుకున్నాడు. పట్టిన గ్యాస్‌ను పద్ధతిగా నాశనం చేసేవాళ్లకు పంపించే బాధ్యత రజిని తీసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీలో అతను కూతురిని, ఈ పాఠం తర్వాత ఏముందని అడిగాడు.

"ఆల్కహాల్‌లు."

"దానికి నన్ను పిలువకు. మీ అమ్మ ఊకోదు," అన్నాడు సత్యానందం. బోధన్ వచ్చేదాకా ఇద్దరూ తలచుకుని తలచుకుని నవ్వుతూనే ఉన్నారు.