పెన్సిల్‌లో ఉన్న మనిషి

"ఐస్‌క్రీమ్ కరిగితే కరిగింది. చేపముక్కలు కూడా మెత్తబడిపోయాయి లొరేన్," అన్నాడు క్లైవ్, ఫ్రీజర్ తలుపు పట్టుకుని.

"ఫ్రిజ్ గుయ్యిమంటుంటే ఆడిషన్ రికార్డింగ్ ఎలా చెయ్యను? ఆపాను, మళ్ళీ వెయ్యడం మర్చిపోయాను. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎన్నిసార్లు మర్చిపోతే అన్నిసార్లు."

"నువ్వు వెయ్యొచ్చుగా! ఫ్రిజ్ నా ఒక్కదానిదా?"

క్లైవ్ తల్లి డోరీన్ టీ కప్పు దించింది. "మా రోజుల్లో నటులు స్టూడియోకి వెళ్ళి నటించేవాళ్ళు తల్లీ. చేపముక్కల పక్కన కాదు."

ఇప్పుడెవరూ ఆడిషన్‌కి పిలవరు. ఇంట్లోనే గోడకి దుప్పటి కట్టి, ఫోన్‌లో తీసి పంపమంటారు. లొరేన్ వారానికొకటి పంపుతూనే ఉంటుంది. వాటిలో ఒకటి తగిలినట్టే తగిలి ఆగింది. అన్న కోసం వెతుక్కుంటూ తిరిగే స్కూలు వంటమనిషి పాత్ర, సినిమాలో రెండో ముఖ్యమైన వేషం. ఆ సినిమా వాళ్ళు లొరేన్‌ని పెన్సిల్‌లో పెట్టారు. అంటే అక్టోబరు నెల వాళ్ళ కోసం ఖాళీగా ఉంచాలి. ఒప్పందం ఉండదు, హామీ ఉండదు. ఏ రోజైనా చెరిపెయ్యొచ్చు.

సరిగ్గా అదే అక్టోబరుకి పాత ఆసుపత్రి సీరియల్ వాళ్ళు కూడా రమ్మన్నారు. పదకొండేళ్ళు అందులో ఆమె హెడ్ నర్సు. ఐదేళ్ళ క్రితం కథలో ఆ పాత్రని టాక్సీ ఎక్కించి పంపేశారు. ఇప్పటికీ లీడ్స్‌లో ఏ దుకాణానికి వెళ్ళినా, "సిస్టర్, మా ఆయన మోకాలు చూడండి" అని ఎవరో ఒకరు ఆపుతారు. ఆ తర్వాత వచ్చినవన్నీ చిన్న వేషాలు: కిటికీలో నిలబడే తల్లి, ఒక న్యాయమూర్తి, ఒక శవం.

సీరియల్ వాళ్ళకి ఈ సాయంత్రంలోగా జవాబు చెప్పాలి.

పొద్దుటినుంచి లొరేన్ ఒకచోట కూర్చోలేదు. ఫోన్ జేబులో పెట్టుకునే చెత్తడబ్బా బయటపెట్టింది, బట్టలు ఆరేసింది, ఎవరూ అడగకుండానే ఓవెన్ తోమింది. సగంలో వదిలేసి కిటికీలు తుడిచింది.

"అమ్మా, ఒక్క నిమిషం కూర్చో. నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది బెథన్. కూతురు సెలూన్‌లో పనిచేస్తుంది. "సీరియల్‌కైతే జుట్టు మళ్ళీ బంగారు రంగు కావాలి. సినిమాకైతే నెరిసినట్టే ఉంచాలి. ఏదో ఒకటి చెప్పు, నేను మా సెలూన్‌లో టైం పెట్టుకోవాలి."

"నాకు తెలిస్తేగా చెప్పడానికి!"

మధ్యాహ్నం సీరియల్ వాళ్ళ స్క్రిప్టు కాగితాలు వచ్చాయి. చదువుదాం రమ్మని క్లైవ్‌ని కూర్చోబెట్టింది. క్లైవ్ బస్సు డ్రైవరు. ఏ పాత్ర చదివినా తర్వాతి స్టాపు పేరు చెబుతున్నట్టే ఉంటుంది. అయినా ఇన్నేళ్ళుగా ఆమెకి ఎదురు మాటలు చెప్పేది అతనే.

మొదటి ఎపిసోడ్‌లో సిస్టర్ తిరిగొచ్చింది. అందరినీ కావలించుకుంది. చివర్లో మెట్లమీంచి పడింది. రెండో దాంట్లో యువ డాక్టర్ ఆమె మంచం పక్కన ఏడ్చాడు. మూడో దాంట్లోనూ ఏడ్చాడు. క్లైవ్ చదువుతూనే పోయాడు. కాసేపటికి కళ్ళజోడు పైకి నెట్టాడు.

"నీ మాట ఎప్పుడొస్తుంది?"

"ఇంక రాదు. కోమా."

"ఆఖరిదాకానా?"

"ఆఖర్న చచ్చిపోతాను. అతని ఏడుపు కోసమే నన్ను పిలిచారు."

"పడుకున్నందుకు డబ్బిస్తారు, ఇంకేం కావాలి!" అన్నాడు క్లైవ్. అనేసి, తనే నవ్వలేదు.

డోరీన్‌కి మాత్రం బాగానే ఉంది. "కోమా నీకు నప్పుతుంది తల్లీ. టీవీలో నిన్ను చూసి మా చర్చిలో ఆడవాళ్ళందరూ ఏడుస్తారు."

"మీరు?"

"నేను ముందు వరసలో కూర్చుని ఏడుస్తాను."

అప్పుడే ఫోన్ మోగింది. ఏజెంటు ఫిలిప్పా. లొరేన్ నిలబడే విన్నది.

"పెన్సిల్ తీసేశారు లొరేన్. నీ నటన చాలా నచ్చిందట. కానీ పేరున్న ఆవిడ దొరికిందట. మరి సీరియల్‌కి సరేనని చెప్పనా?"

"కాసేపాగి ఫోన్ చేస్తాను."

ముఖం చూసే అందరికీ అర్థమైంది. క్లైవ్ ఆమె భుజం నొక్కి, కెటిల్ పెట్టాడు. "పోనీలే. ఒక దిగులు తీరింది. సీరియల్ ఉందిగా."

"రేపే రంగు వేసేస్తాను," అంది బెథన్.

ఇల్లంతా ఒక్కసారిగా తేలికపడింది. లొరేన్‌కి మాత్రం కాళ్ళు నిలవలేదు. పెరట్లోకి వెళ్ళింది. తడిబట్టల మధ్య అటూ ఇటూ తిరిగింది. వంటింట్లో దుప్పటి ముందు నిలబడి ఆ వంటమనిషి మాటలు చెప్పినప్పుడు గొంతు ఎక్కడ వణికిందో, ఎక్కడ నిలబడిందో ఆమెకి ఇంకా తెలుస్తూనే ఉంది. ఆ వేషం పోయింది. ఆ గొంతు పోలేదు. సీరియల్‌లో అయితే నెలంతా కళ్ళు మూసుకుని కదలకుండా, పక్కన ఇంకొకడు నటిస్తుంటే వింటూ పడుకోవాలి. తన వల్ల అవుతుందా? ఒక్క మధ్యాహ్నం కూర్చోలేని మనిషి. ఆపైన, ఒకసారి అక్కడ చచ్చిపోతే దుకాణాల్లో అడిగేవాళ్ళు కూడా ఆమె ఉందని మర్చిపోతారు.

ఫిలిప్పాతో చాలాసేపు ఫోన్‌లో మాట్లాడి లోపలికి వచ్చింది. అప్పటికి బెథన్ వేడివేడి బంగాళదుంప చిప్స్ కొనుక్కొచ్చి పళ్ళేల్లో సర్దుతోంది. డోరీన్ ఎవరికి ఎక్కువ వచ్చాయో చూస్తోంది.

లొరేన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. అందరూ మొదటి ముక్క తినేదాకా ఆగింది.

"సీరియల్‌కి వద్దని చెప్పేశాను," అంది, చిప్స్ మీద చల్లుకునే వెనిగర్ సీసా క్లైవ్ వైపు జరుపుతూ. "మాటలున్న వేషం ఏదైనా సరే, ఎంత చిన్నదైనా పంపమన్నాను. సోమవారం నుంచి మళ్ళీ వెతుక్కుంటాను."