చుట్టాల లాంచీ

నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తవారి కంపెనీకి మిగిలింది ఒక లాంచీ, ఒక టికెట్ కిటికీ, లెక్కలేనంత పరువు. మొదటి రెండూ తుప్పు పట్టాయి. మూడోదాన్ని మాత్రం మామగారు రోజూ తుడిచి మెరిపిస్తూనే ఉన్నారు.

ఒకప్పుడు ఏడు లాంచీలట. మా ఆయన తాతగారు ఒక పాత పడవకు ఇంజను బిగించారు. ఇక నది దాటాలంటే ఈదడమో, ఆయనకు దణ్ణం పెట్టడమో తప్ప వేరే దారి లేదు. జనం ఎక్కారు, లాంచీలు పెరిగాయి, వాటితో పాటు చుట్టాలూ పెరిగారు. ఆ సంతోషంలో ఆయన ఒక మాట అనేశారు: "మనవాళ్ళ దగ్గర టికెట్ తీసుకుంటే మనమేం మనుషులం?" అంతే. చుట్టరికాలు వానకు గడ్డి మొలిచినట్టు మొలిచాయి. మేనత్త తోడికోడలి తమ్ముడి మామగారు కూడా తల ఎగరేసుకుంటూ లాంచీ ఎక్కేవాడు. లాంచీలు మాత్రం ఒక్కొక్కటే అమ్ముడైపోయాయి.

పోనీ, నది అవతల సంబంధాలైనా మానుకున్నారా? లేదు. ఏరి కోరి నన్ను తెచ్చుకున్నారు. మా పెళ్ళితో అవతలి ఒడ్డు మొత్తం చుట్టమైపోయింది. ఇక టికెట్ కొనేది దారి తప్పి వచ్చిన పరాయివాళ్ళే.

నాకు మాత్రం అంతా సంబరంగానే ఉండేది. లాంచీ నడిపే సరంగు మా ఆయనే మరి! చుక్కాని గదిలో ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుంటే, మలుపు దగ్గర హారన్ నన్ను కొట్టనిచ్చేవారు. బీకామ్ ఫస్ట్ క్లాసులో పాసైనప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదు.

ఇంతలో ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. వానలలోగా కొత్తది వేయించకపోతే లాంచీ కదలడానికి వీల్లేదని రేవు ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు. వేయించలేకపోతే కొనుక్కోవడానికి ఇసుక కాంట్రాక్టరు కాచుకుని ఉన్నాడు. అమ్మేస్తే మా ఆయనకు చుక్కాని ఉండదు. నిద్రలో కూడా చేతులు అటూ ఇటూ తిప్పే మనిషాయన.

"మామగారూ, వానలు వచ్చేదాకా అందరి దగ్గరా టికెట్ తీసుకుందాం," అన్నాను.

"అందరి దగ్గరా అంటే?"

"అందరి దగ్గరా అనే."

వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు. "తీసుకోనివ్వండి. మీ పిన్ని మనవడు నిన్న మేకను కూడా ఊరికే దాటించాడు. అదీ మనకు చుట్టమేనా?"

మామగారు చాలాసేపు ఆలోచించి, "మేక దగ్గర తీసుకో," అన్నారు.

మా ఆయన రెండు పూటలు అన్నం మానేశాక, మనుషుల దగ్గర కూడా తీసుకోవడానికి మామగారు ఒప్పుకున్నారు. నేను కిటికీలో కూర్చున్నాను. "కొత్త కోడలు కదా, మనమెవరో తెలీదు పాపం," అని గొణుక్కుంటూనే చుట్టాలు చిల్లర తీశారు. వారం గడిచేసరికి గల్లాపెట్టె మూత పడలేదు. కొత్త ఇంజను చప్పుడు నాకు అప్పుడే వినిపించడం మొదలైంది.

ఆ మర్నాడు, పట్నం నుంచి ఇంటికి తిరిగి వెళ్తూ మా నాన్న రేవుకు వచ్చాడు.

"ఏమే, బాగా చిక్కిపోయావే!" అంటూ నేరుగా లాంచీ వైపు నడిచాడు.

"నాన్నా, టికెట్."

వరసలో ఉన్న చుట్టాలంతా మెడలు సాచారు. ఇప్పుడు వదిలేస్తే రేపు ఒక్కరూ ఇవ్వరు. నాన్న నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు. ఇచ్చేసేవాడే. మామగారు ఎక్కడి నుంచి ఊడిపడ్డారో గానీ, ఆ చెయ్యి పట్టేసుకున్నారు.

"బావగారూ! నేను బతికుండగానే?"

"పర్లేదు బావగారూ, పిల్ల అడిగింది..."

"మీరు టికెట్ కొని ఎక్కేకంటే ఈ లాంచీ మునిగిపోవడం నయం!"

"మరి మేమో?" అంది వరసలోంచి ఒక గొంతు.

మామగారి పరువు కట్టలు తెంచుకుంది. "మీరు మాత్రం పరాయివాళ్ళా? ఎక్కండి, ఎక్కండి!" వారం వసూళ్ళు వెనక్కి ఇప్పించారు. అదీ నా చేత్తోనే.

వానలకు ముందే లాంచీ కాంట్రాక్టరు పాలైంది. అతను దాని మీది మా ఇంటిపేరు చెరిపించి, కొత్త ఇంజను వేయించాడు. నదిలో ఇసుక మేటలు ఎక్కడున్నాయో తెలిసిన సరంగు ఇంకొకడు దొరక్క మా ఆయన్నే జీతానికి పెట్టుకున్నాడు. చుక్కాని గదిలోకి మాత్రం ఇంకెవరూ రాకూడదట. ఫరవాలేదు, ముందు బల్ల మీద కూర్చుంటే ఆయన వీపు కనిపిస్తుంది. చాలా చక్కని వీపు.

లాంచీ మళ్ళీ మొదలైన రోజు మామగారూ నేనూ టికెట్ వరసలో నిలబడ్డాం. మా ముందు పిన్ని మనవడు, మేనత్త తోడికోడలి తమ్ముడి మామగారు, ఇంకా సగం వంశం. అందరూ నోరెత్తకుండా సరిపడా చిల్లర లెక్కపెట్టి ఇస్తున్నారు.

మామగారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూశావా అమ్మాయ్, మనవాళ్ళెంత మర్యాదస్తులో! పరాయివాడి లాంచీ ఒక్కరంటే ఒక్కరు ఊరికే ఎక్కలేదు."